పర్లాకిమిడి వైపు పెట్రోలు ఖర్చు తట్టుకోలేక బ్యాటరీ బండికి మారదామనుకుంటున్నాను, వాడినవాళ్లు చెప్పండి

పర్లాకిమిడి అప్పడాలు:
అందరికీ నమస్కారం. నేను ఒడిశాలో పర్లాకిమిడిలో ఉంటాను, అప్పడాలు వడియాలు కొట్టుకొట్టుకీ తిరిగి వేసి వస్తాను, ఇటు కాశీనగర్ దాకా, అటు వారానికి రెండుసార్లు ఆర్ ఉదయగిరి ఘాటీ ఎక్కి. ఎక్సెల్ బండి మీద రోజుకి ఎంత లేదన్నా 60 కిలోమీటర్లు. మూటలేసుకుని తిరిగితే లీటరుకి 50 రావడమే గొప్ప. నెలకి 26 రోజులేసుకుంటే 31 లీటర్లు, అంటే మూడు వేల పైమాటే పెట్రోలుకి పోతోంది, పేకెట్టు మీద రూపాయి పెంచుదామంటే కొట్టు ఆయన పక్కవాడి సరుకు తీసుకుంటానంటాడు.
2022 మార్చి మీకు గుర్తుండే ఉంటుంది, నాలుగున్నర నెలలు కదలని రేటు 22వ తారీఖున మొదలెట్టి పదహారు రోజుల్లో పది రూపాయలు పెరిగిపోనాది. ఆ నెల మినప్పప్పుకి చేసిన అప్పు తీర్చడానికి నాకు ఏడాది పట్టింది. సరిహద్దు అవతల ఆంధ్రలో ఉన్న పాతపట్నం వాళ్లు మా బంకులకొచ్చి ట్యాంకు నిండా కొట్టించుకుని మీకేటి చౌకే కదా అంటారు, వాళ్ల రేటుతో చూస్తే చౌకే, నా సంపాదనతో చూస్తే కాదు.
బ్యాటరీ స్కూటరు లక్షా పదివేలు చెబుతున్నారు. ఘాటీ ఎక్కుతుందా, బరువు మోస్తుందా, పాడైతే ఎక్కడికి పట్టుకెళ్లాలి? షోరూం మాట కాదు, వాడినవాళ్ల మాట కావాలి.

మోటు సరిహద్దు:
అన్నా మీకు పాతపట్నం కన్నా తక్కువైనా దొరుకుతోంది. మాది మల్కనగిరి జిల్లా, మొత్తం ఒడిశాలో 2021లో పెట్రోలు ముందుగా వంద దాటింది మా దగ్గరే. డిపో నుంచి ట్యాంకరు అంత దూరం రావాలి, ఆ కిరాయి కూడా మన నెత్తినే. ఊళ్లోకొస్తే బంకు లేదు, కిరాణా కొట్లో సీసాల్లో పోసి అమ్ముతారు, లీటరుకి ఇంకో పదిహేను ఇరవై ఎక్కువ, అది నిండు లీటరు ఉండదు. రాత్రి ఎవరికైనా పురుడొస్తే ముందు సీసా వెతకాలి, తర్వాత బండి. నేను బ్యాటరీ బండి కొనలేదు కానీ ఇక్కడ రాసేవాళ్ల మాట జాగ్రత్తగా చదువుతున్నా.

గజపతి మాస్టారు:
పాతపట్నానికీ మనకీ మధ్య ఏడెనిమిది రూపాయల తేడా ఎందుకో చాలామంది అడుగుతారు. కేంద్రం ఎక్సైజు లీటరుకి ఇంత అని రూపాయల్లో వేస్తుంది, దేశమంతటికీ ఒక్కటే. దాని మీద రాష్ట్రం వ్యాట్ శాతంలో వేస్తుంది, అంచేత ముడి చమురు పెరిగినా ఎక్సైజు పెరిగినా వ్యాట్ దానంతటదే పెరుగుతుంది. ఒడిశాలో పెట్రోలు మీద 28 శాతం. ఆంధ్రలో 31 శాతం, ఆ పైన లీటరుకి 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. 2021 నవంబరులో కేంద్రం పెట్రోలు మీద 5, డీజిల్ మీద 10 తగ్గించినప్పుడు ఒడిశా తన వంతు మరో 3 తగ్గించింది, ఆంధ్ర తగ్గించలేదు. 2017లో జీఎస్టీ వచ్చినా పెట్రోలు డీజిల్ దాని బయటే ఉండిపోయాయి, ఏ ప్రభుత్వమూ ఆ రాబడి వదులుకోదు. ముడి చమురు నూటికి 85 పాళ్ల పైన బయటి దేశాల నుంచే వస్తోంది, ఎక్కడో యుద్ధం వస్తే అప్పడాల ఆయన నష్టపోతున్నాడు, అందుకే ఈ బ్యాటరీ మాట మనం గట్టిగా ఆలోచించాలి అంటాను.

పొట్టంగి ఘాటీ:
తమ్ముడూ నీ ప్రశ్న నాకోసమే ఉన్నట్టుంది. నాది కోరాపుట్ జిల్లా పొట్టంగి దగ్గర, చిన్న ఫ్యాన్సీ షాపు, సరుక్కి సాలూరు దిగి ఎక్కుతుంటాను. బ్యాటరీ స్కూటరు కొని రెండేళ్ల నాలుగు నెలలు, 31 వేల కిలోమీటర్లు తిరిగాను.
కాగితం మీద ఒక్క చార్జికి 120 కిలోమీటర్లని రాశారు. సాపు రోడ్డు మీద ఒక్కణ్నే వెళ్తే కొత్తలో 90 వచ్చేది, ఇప్పుడు 80. సాలూరు నుంచి సుంకి ఘాటీ 40 కిలోల మూటతో ఎక్కితే సగం పైన చార్జి తాగేస్తుంది, దిగేటప్పుడు మాత్రం ఐదారు శాతం కూడా ఖర్చవదు ఎందుకంటే బ్రేకు పట్టినప్పుడల్లా మోటారే డైనమో లాగ తిరిగి కొంత కరెంటు బ్యాటరీకి వెనక్కి పంపుతుంది, అలాగని ఎక్కేటప్పుడు పోయిందంతా దిగేటప్పుడు వచ్చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు, కొంతే వస్తుంది. ఘాటీ ఎక్కి వచ్చాక వేడి మీద వెంటనే చార్జింగు పెట్టొద్దు, గంటసేపు ఆరనీ. మా ఊళ్లో సాయంత్రం అందరూ మోటార్లు, టీవీలు వేసేసరికి వోల్టేజీ 170కి పడిపోతుంది, చార్జరు తనంతట తనే ఆగిపోతుంది, అందుకని రాత్రి పదకొండు దాటాక పెట్టుకుంటాను. ఎర్తింగు మాత్రం మనిషిని పిలిచి సరిగ్గా వేయించు, దానికి వెనకాడకు.
ఖర్చు చెప్పాలంటే నీలాగ రోజుకి 60 తిరిగితే రెండు రెండున్నర యూనిట్లు. యూనిట్టు ఆరు రూపాయలేసుకున్నా పదిహేను రూపాయలు. నెలకి నాలుగొందలు.
బాధపడ్డది కూడా చెబుతాను. మొన్న వానాకాలం బ్యాటరీ నుంచి మోటారుకి కరెంటు పంపే కంట్రోలరు పోయింది. ఇక్కడ ఎవరికీ చెయ్యి పెట్టడం తెలీదు, కొన్నచోట మెకానిక్కు లేడు, బండిని మేజిక్ బండిలో ఎక్కించి విశాఖ పంపాను, వారంటీలోనే ఉన్నా పార్టు రాలేదని 19 రోజులు తిప్పారు. ఆ 19 రోజులూ మా బావమరిది పాత బండే నాకు అన్నం పెట్టింది. అందుకని నీ ఎక్సెల్ అమ్మేయకు. అది మాత్రం గుర్తుపెట్టుకో.

బల్లార్షా బొగ్గు:
మా తాత కరీంనగర్ దిక్కు నుంచి ఇక్కడి బొగ్గుబావిలకి పనికొచ్చిండు, నేను చంద్రపూర్ జిల్లాలోనే పుట్టిన. ఒక్క మాట చెప్తా, ఎవ్వరూ తప్పుగా అనుకోవద్దు. బ్యాటరీ బండికి పొగ లేదంటరు, పొగ మా దగ్గర లేస్తది. చంద్రపూర్ థర్మల్ 2920 మెగావాట్లు, పొద్దున మేడ మీద ఆరేసిన బట్ట సాయంత్రానికి మసి పట్టుకొని ఉంటది, మా చిన్నపిల్లకి దగ్గు చలికాలం మొత్తం వదలదు. పట్నంల బండ్లు సల్లగ నడుస్తయి, మసి మేం మింగుతం. బ్యాటరీ బండి వద్దంటలేను, కరెంటు ఎక్కడి నుంచి వస్తదో కూడా అడగాలె అంటున్న.

పొట్టంగి ఘాటీ:
బల్లార్షా అన్నా, మీరు చెప్పింది తప్పని ఎలా అంటాం. కానీ పెట్రోలు ఇంజన్లో ముప్పావు వంతు వేడిగానే పోతుంది, చక్రానికి వచ్చేది పావు వంతు, మోటారులో నూటికి ఎనభై పైన చక్రానికే వస్తుంది, అందుకని బొగ్గు కరెంటైనా లెక్క మరీ అంత చెడ్డది కాదు. మాకు దగ్గర్లో మాచ్‌ఖండ్ ఉంది, ఆంధ్ర ఒడిశా కలిసి కట్టింది, 1955 నుంచి నడుస్తోంది, 120 మెగావాట్లు. నీళ్ల కరెంటు శుభ్రం అంటారు, దానికి నీళ్లిచ్చే జలాపుట్ డ్యాం కింద మునిగిన ఊళ్ల వాళ్ల మనవలు నా షాపుకొస్తారు, వాళ్ల ముందు ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. ఏదీ ఊరికే రాదు, ఎవరి ఊరో పోతుంది.

ధర్మాబాద్ కాపు:
మాది నాందేడ్ జిల్లా. బ్యాటరీ సంగతి అట్లుంచి, ఇప్పుడు బంకుల పోస్తున్నదాంట్ల 20 శాతం ఇథనాల్, అదే చెరుకు, మొక్కజొన్నల నుంచి తీసే స్పిరిటు, దాని సంగతి ఎవరూ మాట్లాడరేంది? 2023 ఫిబ్రవరిల మొదలుపెట్టిన్రు, ఇప్పుడు ఏ బంకుకి పోయినా అదే. ఇథనాల్‌ల శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ, నీతి ఆయోగ్ 2021ల ఇచ్చిన రిపోర్టుల్నే కార్లకి ఆరేడు శాతం, టూవీలర్లకి మూడు నాలుగు శాతం మైలేజీ తగ్గొచ్చని రాసిన్రు. నా 2014 బండికి అంతకన్నా ఎక్కువే తగ్గింది. మైలేజీ తగ్గింది గని లీటరు రేటు తగ్గలే. ఇంకోటి, ఇథనాల్ నీళ్లని గుంజుకుంటది, వానాకాలం రెండు మూడు నెలలు బండి తీయకుంటే ట్యాంకు అడుగున నీళ్లు దిగుతయి, ఊరికి పోయేటోళ్లు ట్యాంకు నింపి పెట్టుండ్రి.
నేను కూడా రెండెకరాలు చెరుకు పెట్టిన, కాబట్టి ఇథనాల్ వద్దని నా నోటితో అనలేను. మన మరాఠ్వాడల 2016ల లాతూరుకి రైల్ల నీళ్లు తెచ్చిన్రు, మిరజ్ నుంచి. అదే నేల మీద నీళ్లు తాగే చెరుకు వేసి బండ్లల్ల పోస్తున్నం. 2023 డిసెంబరుల వానల్లేక చెరుకు రసంతోని ఇథనాల్ చెయ్యద్దని కేంద్రం ఆపింది, ఫ్యాక్టరీలు మొక్కజొన్న మీద పడ్డయి, కోళ్ల ఫారాల దాణా రేటు ఎక్కింది. మా ఇంట్ల ఈ సంగతి మీద నాకూ మా నాయినకూ రోజూ పడుతది.

బరంపురం టిఫిన్స్:
నాకు బండి సంగతి తెలీదు గానీ సోలార్ సంగతి చెబుతాను, చాలామంది తెలీక మోసపోతున్నారు. బరంపురంలో టిఫిన్ సెంటరు, గ్రైండర్లు, ఫ్రిజ్‌లకి కరెంటు బిల్లు ఎక్కువని ఇంటి మేడ మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. 2024లో వచ్చిన సూర్య ఘర్ పథకంలో కేంద్రం 78 వేలు బ్యాంకులో వేసింది. కిలోవాటుకి రోజుకి నాలుగు యూనిట్లు వస్తాయి, మబ్బుంటే తగ్గుతాయి, ఇంటి బిల్లు చాలావరకు పోయింది, అది నిజం.
కరెంటు పోయినప్పుడు మాత్రం మిట్టమధ్యాహ్నం ఎర్రటి ఎండలో కూడా మా సోలార్ పనిచెయ్యదు! బ్యాటరీ లేని రకం, లైనులో కరెంటు లేకపోతే అదీ ఆగిపోతుంది, స్తంభం మీద పనిచేసే మనిషికి షాకు కొట్టకుండా అలా పెట్టారట. మంచికే, కానీ పెట్టినవాళ్లు మాకు ముందు చెప్పలేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా పుట్టింట్లో, గజపతి జిల్లాలోనే, ఎన్ని రోజులు చీకట్లో ఉన్నారో మాస్టారికి తెలిసే ఉంటుంది. ఒకాయన పెట్రోలు జనరేటరు పెట్టి ఫోను చార్జింగుకి డబ్బులు తీసుకున్నాడు, అయినా లైను కట్టారు, పిల్లలు బతికున్నారో లేదో తెలుసుకోవాలి కదా. అందుకని తమ్ముడూ, తుపాను దారిలో ఉన్నవాళ్లం, ఇంట్లో ఒక్క బండైనా పెట్రోలుది ఉండాలి.

గజపతి మాస్టారు:
తెలుసమ్మా. మా స్కూల్లోనే శిబిరం పెట్టారు.

సిరొంచ రైతు:
నేను డీజిల్ లెక్క చెప్తా. ప్రాణహిత ఒడ్డున ఐదెకరాలు, ఇంజను గంటకి లీటరు తాగుతుండె. మిర్చికి నీళ్లు పెట్టాలంటే డీజిల్ డబ్బా పట్టుకొని సిరొంచ రావాలె, బండి మీద పెట్రోలు ఖర్చు వేరే. 2022 జూలై వరదల ఇంజను మునిగింది, బాగు చేయించుకున్నా మునుపటి లెక్క లేదు. తర్వాత మహారాష్ట్ర సర్కారు సోలార్ పంపు పథకం, మాగేల్ త్యాలా సౌర్ కృషి పంప్ కింద 5 హెచ్‌పీ పెట్టించుకున్న, పంపు ఖర్చుల మామూలు రైతులు పది శాతం కట్టాలె, ఎస్సీ ఎస్టీలకి ఐదు శాతమే. దరఖాస్తు పెట్టినంక ఎనిమిది నెలలు చూసిన, ఓపిక కావాలె.
పొద్దున తొమ్మిది నుంచి మూడున్నర దాకా నీళ్లు మంచిగ పోస్తది. రాత్రి పొలంకి పోవుడు తప్పింది, పాములు, అడవి పందుల భయం తప్పింది, మా ఇంటామె అందుకే సంతోషపడింది. ముసురు పట్టిన వారం మాత్రం ధార సన్నగ వస్తది, వరికి సరిపోదు. పలకలు నెలకి రెండుసార్లు కడుగాలె, తీగలు దొంగలు కోసుకపోతరు, కంచె వేసిన. డీజిల్ ఇంజను కొట్టంల ఉన్నది, అమ్మలే.

పర్లాకిమిడి అప్పడాలు:
అందరికీ చాలా థాంక్స్. రాత్రి కూర్చుని లెక్క రాశాను. పెట్రోలుకి మూడు వేల చిల్లర, కరెంటుకి నాలుగొందలు, నెలకి 2700 మిగులుతాయి. ఎక్సెల్ ఉంచుకుంటాను కాబట్టి లక్షా పదివేలూ కొత్త ఖర్చే, వడ్డీ లేకుండానే నలభై నెలలు పడుతుంది, వడ్డీ కలిస్తే నాలుగేళ్లు. అప్పటికి బ్యాటరీ ఎలా ఉంటుందో అన్నదే నా భయం. ఘాటీ ట్రిప్పు ఎక్సెల్ మీదే పెట్టుకుని కాశీనగర్ వైపు మాత్రం బ్యాటరీది వాడితే ఎలాగుంటుందో ఆలోచిస్తున్నాను. బరువుతో ఘాటీ ఎక్కితే ఏమవుతుందో ఒక్కసారి చూడాలనుంది.

గజపతి మాస్టారు:
మా అబ్బాయి బ్యాటరీ స్కూటరు ఇంట్లోనే ఉంది బాబూ, వాడు సెలవులకి వచ్చేదాకా నేను బజారుకే వాడతాను. ఒకరోజు పట్టుకెళ్లు, నీ మూటలేసుకునే ఆర్ ఉదయగిరి ఎక్కి చూడు. దారిలో ఆగిపోతే ఫోన్ చెయ్యి, ఆటో పంపుతాను.

పర్లాకిమిడి అప్పడాలు:
మాస్టారూ, బుధవారం పొద్దున్న ఆరింటికి వస్తాను. మూటలు రెండూ తూచి తెస్తాను, 42 కిలోలుంటాయి. ఎక్కేటప్పుడు ఎంత పోయిందో, దిగేటప్పుడు ఎంత మిగిలిందో రాత్రికి ఇక్కడే రాస్తాను.