సికింద్రాబాదు సిపాయి సొంతూరు ఐర్లాండులో ఎక్కడని వెతకాలి?

మౌలాలి (ప్రశ్న):
మా అమ్మమ్మ గారు ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో పుట్టి, లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పెరిగారు. ఆవిడ ముత్తాత సల్లివాన్ అనే ఇంటిపేరు గల ఐరిష్ సిపాయి అనీ, కార్క్ నుంచి వచ్చి 1861లో సికింద్రాబాదులో పెళ్ళి చేసుకున్నాడనీ ఇంట్లో ఉన్న పాత బైబిలు మొదటి పుటలో రాసి ఉంది. ఆయన కాథలిక్కు, 1835 ప్రాంతంలో పుట్టి ఉండాలి. ఐర్లాండు జనాభా లెక్కలు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చని విని వెతికితే 1901, 1911 నాటివి దొరికాయి గాని అంతకు ముందువి కనబడలేదు. ఆ రెండింటిలోనూ కార్క్ కౌంటీ నిండా సల్లివాన్‌లే ఉన్నారు. ఇది ఐర్లాండు పాస్‌పోర్టు కోసం చేస్తున్న ప్రయత్నం కాదు, అంత వెనుకటి తరం దానికి పనికిరాదని తెలుసు. ఆయన ఊరేదో, తల్లిదండ్రులెవరో తెలిస్తే చాలు. పాత లెక్కలు ఎక్కడ చూడాలో చెప్పగలరా?

పాతకాగితం:
మౌలాలి గారూ, ఆ లెక్కలు చాలావరకు ఎక్కడా లేవు. 1821 నుంచి 1851 వరకు తీసిన నాలుగూ డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల ఆవరణలో, పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో ఉండేవి. 1922 జూన్ 30న, అంతర్యుద్ధం మొదలైన రోజుల్లో, అక్కడ జరిగిన పేలుడుకూ మంటలకూ కొద్ది భాగాలు తప్ప అన్నీ ఆహుతయ్యాయి. అందరూ ఆ మంటలనే నిందిస్తారు గాని, 1861, 1871 లెక్కలను అంతకు చాలా ముందే ప్రభుత్వమే నాశనం చేయించింది. 1881, 1891 కాగితాలు మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో కొత్త కాగితం కోసం గుజ్జు చేయడంతో పోయాయి. జనన మరణాల నమోదు మొదలైందే 1864లో కాబట్టి, మీ పూర్వీకుడి పుట్టుకకు ఐర్లాండులో మిగిలే సాక్ష్యం చర్చి వారి బాప్తిస్మ పుస్తకం ఒక్కటే అనుకోవచ్చు.

ఆయన కాథలిక్కు కావడం ఇక్కడ కలిసొచ్చింది. ఐర్లాండు ప్రొటెస్టెంట్ అధికార చర్చికి 1869 చట్టంతో ఆ హోదా పోయాక దాని పుస్తకాలు ప్రభుత్వ రికార్డులయ్యాయి, భద్రంగా ఉంటాయని డబ్లిన్‌కు చేర్చినవి దాదాపు అన్నీ అదే మంటల్లో పోయాయి. కాథలిక్ పుస్తకాలను మాత్రం ఎవరూ అడగలేదు. అవి పల్లె చర్చిలలోనే ఉండిపోయి బతికిపోయాయి. వాటి మైక్రోఫిల్మ్ బొమ్మలను ఐర్లాండు నేషనల్ లైబ్రరీ 2015లో ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. ఒక్కో వరుసలో తేదీ, బిడ్డ పేరు, తండ్రి పేరు, తల్లి పుట్టింటి పేరు, జ్ఞాన తల్లిదండ్రుల పేర్లు ఉంటాయి. ఫాదరు ఓపికగలవాడైతే వారుండే టౌన్‌ల్యాండ్ (ఐర్లాండులో ఊరికంటే చిన్నదైన భూవిభాగం) కూడా రాసి ఉంటాడు. చాలాచోట్ల రాత లాటిన్‌లో ఉంటుంది కనుక జేమ్స్ అక్కడ జాకోబుస్‌గానూ, విలియం గులియెల్ముస్‌గానూ కనిపిస్తారు. అయితే పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) పేరు తెలియకుండా వీటిలో దిగవద్దు. కార్క్‌లో ఒకే పేరుతో, ఒకటి రెండేళ్ళ తేడాతో పుట్టిన సల్లివాన్ బిడ్డలు ఎందరో ఉంటారు, వారిలో మీవాడెవరో తేల్చే దారి ఉండదు.

కంటోన్మెంట్:
పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తాను. ఆ పారిష్ పేరు డబ్లిన్‌లో కంటే లండన్‌లో దొరికే అవకాశమే ఎక్కువ. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిలలో జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాల నకళ్ళు లండన్‌కు వెళ్ళేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులలో ఉన్నాయి, చాలావరకు ఫైండ్‌మైపాస్ట్ అనే వంశచరిత్ర సైటులో చందా కట్టి చూడవచ్చు. ముందు 1861 నాటి పెళ్ళి నమోదు సంపాదించండి. అందులో వరుడి పటాలం పేరు, బహుశా అతని తండ్రి పేరు కూడా ఉంటాయి.

పటాలం తెలిశాక దారి రెండుగా చీలుతుంది. ఆయన ఈస్టిండియా కంపెనీ వారి యూరోపియన్ దళంలో చేరినవాడైతే మస్టర్ రోల్స్ (సిపాయిల హాజరు పట్టీలు), రిక్రూట్ల జాబితాలు అదే బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. రాణీ గారి దళం (బ్రిటిష్ ప్రభుత్వ సైన్యం) అయితే లండన్‌లోని క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో వెతకాలి: పింఛనుతో విడుదలైన సిపాయి కాగితాల్లో పుట్టిన పారిష్, చేరకముందు చేసిన పని, ఎత్తు, కళ్ళ రంగు దాకా రాసి ఉంటాయి. కాని 1883కు ముందు పింఛను లేకుండా వెళ్ళిపోయినవారి, కొలువులోనే చనిపోయినవారి కాగితాలు ఆ వరుసలో ఉండవు. ఇంకొక చిక్కు: కంపెనీ వారి మద్రాస్ ఫ్యూజిలియర్స్ తర్వాత 102వ రెజిమెంటుగానూ, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్‌లో భాగంగానూ మారింది. మీకు ఎక్కడైనా ఆ పేరు తగిలితే ఆయనది డబ్లిన్ అనుకోకండి. అలాగే బైబిలులో ఉన్న కార్క్ ఆయన పుట్టిన చోటే అని కూడా అనుకోవద్దు. పటాలంలో చేరింది అక్కడ కావచ్చు, ఓడ ఎక్కింది అక్కడ కావచ్చు.

పాతకాగితం:
ఒక్క మాట చేర్చాలి. ఆయన వచ్చేసినా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అక్కడే ఉండిపోయి ఉండవచ్చు. 1909 జనవరి నుంచి 70 ఏళ్ళు నిండినవారికి వృద్ధాప్య పింఛను ఇవ్వడం మొదలైనప్పుడు, జనన పత్రం లేని ముసలివారు తమ వయసు నిరూపించుకోవడానికి 1841, 1851 లెక్కల్లో తమ పేరు వెతికించుకున్నారు. ఆ లెక్కలు కాలిపోయినా, తల్లిదండ్రుల పేర్లు, టౌన్‌ల్యాండ్, పారిష్ రాసిన ఆ దరఖాస్తులు మిగిలాయి. డబ్లిన్ నేషనల్ ఆర్కైవ్స్ సైటులో వెతకవచ్చు. (1901లో 58 ఏళ్ళని చెప్పిన మనిషి 1911లో 71 అని చెబితే ఆశ్చర్యపోకండి, దానికీ ఆ పింఛనే కారణం.) ఊరు తేలాక 1847–64 మధ్య అచ్చయిన గ్రిఫిత్ వాల్యుయేషన్ అనే ఆస్తి విలువల జాబితాలో ఆ టౌన్‌ల్యాండ్ చూడండి. అందులో కుటుంబ సభ్యులుండరు, ఇంటిని గాని పొలాన్ని గాని అనుభవిస్తున్నవారి పేర్లే ఉంటాయి. అయినా ఆ చుట్టుపక్కల సల్లివాన్‌లు ఎవరెవరున్నారో తెలుస్తుంది. పెద్దకొడుకుకు తండ్రి తండ్రి పేరు పెట్టడం మనలాగే వారికీ అలవాటు కాబట్టి, సికింద్రాబాదులో పుట్టిన మొదటి మగబిడ్డ పేరు ఏమిటో కూడా రాసి పెట్టుకోండి.

మౌలాలి:
ధన్యవాదాలు. పెళ్ళి నమోదు కోసం మొదలుపెడతాను. అమ్మమ్మ గారి తమ్ముడు ఒకరు పెర్త్‌లో ఉన్నారు, డీఎన్ఏ పరీక్ష చేయించుకొమ్మని నాకు కొందరు సలహా ఇచ్చారు. ఉపయోగం ఉంటుందా?

కంటోన్మెంట్:
ఉంటుంది, కాని మీరు కాదు, ముందుగా ఆయన చేయించుకోవాలి. ఆ సిపాయికి ఆయన మీకంటే రెండు తరాలు దగ్గర. తరం మారిన కొద్దీ వంశపు డీఎన్ఏ వాటా సుమారు సగమవుతూ వస్తుంది. ఫలితాల్లో ఐరిష్ శాతం ఎంత వచ్చిందన్నది పక్కన పెట్టి, డీఎన్ఏ కలిసి బంధువులుగా తేలిన అమెరికా, ఆస్ట్రేలియా వారి వంశవృక్షాల్లో కార్క్ పారిష్‌లు ఏవి మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో చూడండి. ఆయన పెద్దవయసు వారు కాబట్టి, లండన్ కాగితాల కోసం ఎదురు చూడకుండా ముందు ఈ పని చేయించండి.