అర్థం తెలియని పద్యం ఐదేళ్ల పిల్లలకు నేర్పాలా?

ఒకటో తరగతి అమ్మ:
మా పాప ‘అక్కరకు రాని చుట్టము’ పద్యం గడగడా చెబుతుంది. నిన్న రెండో పాదం చివర ‘దా’ దగ్గర ఆగి, “ఎవరిని రమ్మంటున్నారమ్మా?” అని అడిగింది. నవ్వేశాను గానీ, మోహరమంటే యుద్ధమని నాకే నిఘంటువు చూస్తే తెలిసింది. ఈ వయసులో ఈ బట్టీ అవసరమా?

పాత తెలుగు మాస్టారు:
అవసరమేనమ్మా. తప్పు పాపది కాదు, అచ్చులో పాదం విరిగిన చోటల్లా ఆపించే మనది. అది ‘దా నెక్కిన’, అంటే తాను ఎక్కిన. కందంలో మాట ఒక పాదంలో మొదలై తరువాతి పాదంలోకి దొర్లుతుంది. ‘దా’ను మూడో పాదానికి అంటించి పలికించండి. మరిచిపోతే ప్రాస అందిస్తుంది. అక్కరకు, మ్రొక్కిన, నెక్కిన, గ్రక్కున: నాలుగింటా రెండో అక్షరం కకారానికి కకార వత్తే. “క్క ఉన్న మాట ఏది?” అంటే చాలు, పాదం మొత్తం వచ్చేస్తుంది.

ఇద్దరు పిల్లల నాన్న:
మాస్టారూ, నాకు చిన్నప్పుడు చాలా పద్యాలే నేర్పారు. తప్పితే తొడపాశం. ఇప్పుడు గుర్తున్నది తొడపాశం ఒక్కటే. మా పెద్దవాడికి వేమన పద్యం చెప్పే ముందు ఉప్పు, కర్పూరం చెరో అరచేతిలో పెట్టి చూపించాను. పద్యం వాడే అడిగి నేర్చుకున్నాడు.

ఆసుపత్రి నర్సు:
రుచి చూడనివ్వలేదు కదా? హారతి కర్పూరం మింగితే చిన్నపిల్లలకు మూర్ఛ వస్తుంది. వాసనతో సరిపెట్టండి.

ఇద్దరు పిల్లల నాన్న:
నాకించింది ఉప్పు మాత్రమేనండీ. కర్పూరం డబ్బా అటక ఎక్కింది.

పాత తెలుగు మాస్టారు:
తొడపాశం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను బాబూ, అది తప్పే. కానీ ఉప్పు చూపించారు సరే, మోహరానికి ఏమి చూపిస్తారు? అన్నీ అర్థమయ్యాకే అంటే పదేళ్లదాకా నోట పద్యం ఉండదు. ‘మ్రొక్కిన’ అనడానికి ఐదేళ్ల నాలుక తిరిగినట్టు ఆ తరువాత తిరగదు. అర్థానికి తొందరేముంది?

ఒకటో తరగతి అమ్మ:
ఈ పూట ‘దానెక్కిన’ అని కలిపి చెప్పించాను మాస్టారూ, ఎక్కడా ఆగలేదు. ఇప్పుడు ఇంకో చిక్కు. పరుగెత్తని గుర్రాన్ని వదిలేయమంటారేమిటి, దానికి కాలు నొప్పేమో కదా అంటోంది. ఏమి చెప్పను?