మీటింగ్ మొదలవగానే ఇయర్‌బడ్స్ సౌండ్ పాడైపోతోంది, ఎడమవైపు కూడా తగ్గింది

ప్రశ్న:
నమస్తే అండీ. నా వైర్‌లెస్ ఇయర్‌బడ్స్ కొని ఏడాది దాటింది. పాటలు వింటే చక్కగా ఉంటుంది, కానీ ల్యాప్‌టాప్‌లో మీటింగ్‌లో చేరగానే గొంతులన్నీ రేకు డబ్బాలోంచి వస్తున్నట్టు అయిపోతాయి, మీటింగ్ అవగానే మళ్లీ మామూలే. పైగా రెండు వారాలుగా ఎడమవైపు సగం సౌండే వస్తోంది. రెండుసార్లు రీసెట్ చేశాను, అన్‌పెయిర్ చేసి మళ్లీ పెయిర్ చేశాను, లాభం లేదు. రోజూ నాలుగైదు గంటలు కాల్స్‌లోనే ఉంటాను, చాలా టెన్షన్‌గా ఉంది. కొత్తవి కొనాల్సిందేనా?

జవాబు 1:
కొనకండి, ఆగండి. మొదటిది అసలు రిపేరే కాదు. బ్లూటూత్‌లో పాటలకి ఏ2డీపీ అనే ప్రొఫైల్ (సౌండ్ పంపే పద్ధతి) వాడతారు, స్టీరియో వస్తుంది గానీ మైక్ పనిచేయదు. ఇయర్‌బడ్స్ మైక్ ఆన్ అయిందంటే ల్యాప్‌టాప్ కాల్స్ కోసం ఉన్న హెచ్‌ఎఫ్‌పీ ప్రొఫైల్‌కి మారిపోతుంది, మాట రెండువైపులా పోవాలి కాబట్టి మోనోలో, మామూలుగా 8 లేదా 16 కిలోహెర్ట్జ్ శాంపిలింగ్‌తో (అంటే సెకనుకి 8 లేదా 16 వేల సార్లు సౌండ్‌ని కొలవడంతో) సరిపెడుతుంది. పాటలకి 44.1 ఉంటుంది, అందుకే అంత తేడా. మీటింగ్ యాప్ సెట్టింగ్స్‌లో స్పీకర్ ఇయర్‌బడ్స్‌కే ఉంచి, మైక్ మాత్రం ల్యాప్‌టాప్‌ది పెట్టండి. చుట్టూ గోల ఎక్కువైతే వైరున్న మైక్ ఏదైనా పెట్టుకోండి. రెండు పరికరాల్లోనూ ఎల్‌ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఉంటే ఈ బాధ తగ్గుతుంది గానీ పాత ల్యాప్‌టాప్‌లలో ఉండదు.

జవాబు 2:
ఎడమవైపు సంగతి నేను చెప్తాను, నాకూ ఇదే అయింది. ముందు ఫోన్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి ఎడమ కుడి బ్యాలెన్స్ మధ్యలోనే ఉందా చూడండి. ఉంటే సిలికాన్ టిప్ తీసి టార్చ్ వేసి చూడండి, లోపల చిన్న జాలీ కనిపిస్తుంది. నాదాంట్లో ఆ కన్నాల్లో సగం పైగా గులిమి మైనంలా పట్టేసి ఉంది. జాలీ కింద వైపుకి ఉండేలా పట్టుకుని పొడి మెత్తటి బ్రష్‌తో నెమ్మదిగా రుద్దండి, పొడి కిందికి రాలాలి, లోపలికి పోకూడదు. పిన్నుతో మాత్రం పొడవొద్దు. నేను పొడిచి ఒక బడ్ జాలీ చింపేశాను.

ప్రశ్న అడిగినవారు:
రెండూ సరైపోయాయి, నిజంగా చాలా థాంక్స్! జాలీ మీద పసుపుపచ్చగా పొరలా ఉంది, పది నిమిషాలు పట్టింది. ఇంకొక్కటి, డెస్క్ దగ్గర కూర్చుంటే అప్పుడప్పుడు కట్ కట్ అవుతోంది, అదే ల్యాప్‌టాప్ హాల్లోకి తీసుకెళ్తే ఏమీ లేదు.

జవాబు 1:
డెస్క్ మీద ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఏమైనా ఉందా? యూఎస్‌బీ 3.0 కేబుల్, పోర్టుల నుంచి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో నాయిస్ వస్తుంది, బ్లూటూత్ నడిచేదీ అక్కడే. ఇంటెల్ 2012లోనే దీని మీద పేపర్ వేసింది. తీసేసి చూడండి. వైఫై కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉంటే 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి.

ప్రశ్న అడిగినవారు:
ఉంది, ల్యాప్‌టాప్‌ని ఆనుకునే ఉంది. పొడుగు కేబుల్ పెట్టి దూరంగా జరిపాను, పొద్దుటి నుంచి మూడు కాల్స్ అయ్యాయి, ఒక్కసారి కూడా కట్ అవలేదు.