మన ఉత్తరాంధ్ర చరిత్ర మీద మంచి నవలలు చెప్తారా?

అందరికీ నమస్కారం, మాది విజయనగరం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి, మా అత్తగారికి డెబ్బై దాటాయి, ఇద్దరూ ఒకే పుస్తకం చదివి రాత్రి భోజనాల దగ్గర దాని గురించే వాదించుకుంటారు. అడవి బాపిరాజు గారి గోన గన్నారెడ్డి ఇద్దరికీ తెగ నచ్చింది. అది చదివాక పాప, కాకతీయుల కథ బాగుంది గానీ మన వైపు కథలేవమ్మా అని పట్టుకుంది.

1757 నాటి బొబ్బిలి యుద్ధం, తాండ్ర పాపారాయుడు అంటే అందరికీ తెలుసు. 1794లో పద్మనాభం దగ్గర ఈస్టిండియా కంపెనీ సైన్యంతో పోరాడి మా విజయనగరం రాజు చిన విజయరామరాజు ప్రాణాలు వదిలిన సంగతి మాత్రం ఇక్కడి పిల్లల్లోనే చాలామందికి తెలీదు, నాకది నిజంగా బాధగా ఉంటుంది. ఈ రెండింటి మీద గానీ, శ్రీకాకుళం వైపు ముఖలింగం గుళ్ళు కట్టించిన తూర్పు గాంగ రాజుల కాలం మీద గానీ వాడుక భాషలో రాసిన నవలలున్నాయా? బొబ్బిలి కోటలో ఆడవాళ్ళూ పిల్లలూ చనిపోవడం జరిగిందే, దాచమనను, కానీ పేజీలకు పేజీలు రక్తపాతమే ఉంటే పాపకి ఇప్పుడే వద్దు.

మీరు స్వయంగా చదివినవే చెప్పండి. ఇప్పుడు అచ్చులో లేకపోతే ఏ లైబ్రరీలో దొరుకుతుందో కూడా చెప్తే, విశాఖపట్నమైనా వెళ్ళి తెచ్చుకుంటాం.