సిరామిక్ గ్రిల్‌లో ఆరేడు గంటల స్లో కుకింగ్‌కి ఏ బొగ్గు మంచిది? విజయనగరం, శ్రీకాకుళం వైపు దొరికేది చెప్పండి

డాబామీదపొయ్యి (విజయనగరం):
అందరికీ నమస్కారం అండి. మా అన్నయ్య ఇల్లు మారుతూ తన కమాడో గ్రిల్ నాకిచ్చేశాడు, అదేనండి గుడ్డు ఆకారంలో మందపాటి సిరామిక్ గోడలతో ఉంటుందే అది. చికెన్ టిక్కా, చేపలు లాంటి అరగంట పనులకి ఏ బొగ్గు వేసినా అయిపోతున్నాయి. ఇబ్బందంతా పెద్ద ముక్క పెట్టినప్పుడే. పొట్టేలు తొడ రెండున్నర కేజీలది 110–120 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు నిలబెట్టాలి కదా, సూపర్‌మార్కెట్‌లో దొరికే బ్రికెట్లు వేస్తే సగంలో బూడిద పేరుకుని కింద జల్లెడ కన్నాలు మూసుకుపోతున్నాయి, గాలందక వేడి 90కి పడిపోతోంది, అప్పుడు మాంసం తీసి, నిప్పుకీ మాంసానికీ మధ్య అడ్డం పెట్టే పలక తీసి, నిప్పులు కదపాలంటే ప్రాణం పోతోంది. ఆన్‌లైన్‌లో ఇంపోర్టెడ్ లంప్ చార్‌కోల్ (అచ్చు వెయ్యని ముక్కల కర్రబొగ్గు) రేటు, పైన కొరియర్ ఛార్జీ చూసి ఆగిపోయాను.

ఇక్కడ ఇస్త్రీ బళ్ళ వాళ్ళకి బొగ్గులమ్మే డిపో ఒకటుంది. కొబ్బరిచిప్పల బొగ్గు కూడా దొరుకుతుందంటున్నారు. పలాసలో ఉన్న మా తోడల్లుడు జీడిపిక్కల తొక్క బొగ్గు చౌకగా పంపిస్తానంటున్నాడు. ఏది తీసుకోమంటారు? కనుమకి ఇంటినిండా జనం ఉంటారు, ఆ రోజు తొడ పెట్టాలని ఉంది.

సిక్కోలు_నిప్పుకణిక (శ్రీకాకుళం):
తమ్ముడూ, ఆ జీడితొక్క సంగతి పలాస వోళ్ళే చెప్తారు, ముందది పక్కన పెట్టు. నీ గ్రిల్‌కి కావాల్సింది ముక్కలు ముక్కలుగా ఉండే కర్రబొగ్గు, అచ్చుపోసింది కాదు. బ్రికెట్ అంటే ఏటి, బొగ్గు నుసిని గంజిపిండితో కలిపి అచ్చు వేస్తారు, కొన్నిట్లో మట్టో సున్నమో కూడా కలుపుతారు, అవి కాలవు కదా, మొత్తం బూడిదగానే మిగుల్తాయి. రేకు డ్రమ్ము గ్రిల్ ఐతే అడుగున బోలెడు ఖాళీ ఉంటది కాబట్టి చెల్లిపోతది. కమాడోకి గాలి దారి ఒక్కటే, కింద తలుపులోంచి దూరి జల్లెడ కన్నాల్లోంచి పైకెక్కాలి, పైగా స్లో కుకింగ్‌కి ఆ తలుపు వేలు మందం కన్నా ఎక్కువ తెరవం, ఆ కాస్త గాలికీ బూడిద అడ్డంపడితే ఇంక నిప్పేటి నిలుస్తది.

మన వైపు నాకు బాగా నచ్చింది సరుగుడు బొగ్గు. తీరం పొడుగునా తోటలే కదా. చెక్క గట్టిది, బొగ్గూ బరువుగా వస్తది, బరువైన బొగ్గు నిదానంగా కాల్తది. సన్నకొమ్మలది కాకుండా మొదళ్ళది, దుంపలది ఉందేమో అడుగు. దాని తర్వాత నల్లతుమ్మ, చింత. డిపోల్లో జామాయిల్ కూడా కలిపేస్తంటారు, పూర్తిగా కాలిందైతే పర్లేదు గానీ సగం కాలిన ముక్కైతే ఆ వాసన మాంసానికి పట్టేస్తది.

అసలు చెట్టు పేరు కన్నా ముక్క చూడ్డం ముఖ్యం. బస్తా మూతి విప్పించి చేత్తో తీసి చూడు. రెండు ముక్కలు తగిలిస్తే గాజుగాజుల్లా టింగుమని మోగాలి, మొద్దుగా టక్కుమందంటే లోపల ఇంకా కర్రన్నా ఉంది, తడన్నా ఉంది. విరిస్తే లోపలంతా నల్లగా నిగనిగలాడాలి, మధ్యలో గోధుమ రంగు కనపడితే అది సగం కాలిన కొరివి, తెల్లపొగ కక్కి కూర మొత్తం చేదు చేస్తది. పిడికిలంత ముక్కలు ఎక్కువున్న బస్తా ఏరుకో, అడుగున నుసి ఎంతుందో చూడు, ఇస్త్రీ వోళ్ళకి చిన్నముక్కలైనా చెల్లుతాయి, నీకు చెల్లవు. అదే డిపోలో రాక్షసిబొగ్గు కూడా ఉండొచ్చు, అందులో గంధకం ఉంటది, వంటకి దాన్ని ముట్టుకోకు.

జీడితోట (పలాస):
జీడితొక్క గురించి నేను చెప్తానండి, పుట్టి పెరిగింది కాశీబుగ్గలోనే. మీ తోడల్లుడు గారు మీ మంచికే చెప్పుంటారు గానీ దయచేసి దాంతో వంట చెయ్యొద్దు. పిక్క తొక్కలో ఉండే నూనె ఒంటికి తగిలితే పొక్కిపోద్ది. పిక్కలు కొట్టే ఆడవాళ్ళ చేతులు ఒక్కసారి చూస్తే చాలు, బూడిద అద్దుకుని కూర్చున్నా సరే వేళ్ళు నల్లబడిపోయి తోలు ఊడిపోతుంటాది, పిల్లలకి అన్నం కలిపి పెట్టాలన్నా ఇబ్బంది పడతారు పాపం. ఆ తొక్క కాలిస్తే వచ్చే పొగకి కళ్ళూ గొంతూ మండిపోతాయి. బొగ్గు చేసేశాం కదా, నూనె పోయింది అంటారు, కానీ బస్తాలో ప్రతి పెంకూ పూర్తిగా కాలిందో లేదో ఎవరు చూస్తారు చెప్పండి. బట్టీలకీ బాయిలర్లకీ వాడుకోనివ్వండి, పిల్లలు తినే మాంసం కింద వద్దు.

ఇంకోటి, సిరామిక్ గోడకి లోపల సన్నసన్న రంధ్రాలుంటాయి, నూనె వాసన పీల్చుకుందంటే ఓ పట్టాన వదలదు. అందుకే ముట్టించడానికి కిరసనాయిలు, లైటర్ ఫ్లూయిడ్ కూడా పొయ్యకూడదు.

ఉద్దానం_కొబ్బరి (కవిటి):
అందరూ సరుగుడు సరుగుడు అంటే ఎలాగండి, మా కొబ్బరిచిప్ప బొగ్గు మాటేటి? 2018లో తిత్లీ తుఫానుకి తోటలు నేలమట్టం అయిపోయాయి, మళ్ళీ వేసుకున్న మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తన్నాయి, మా చిప్పలు కాస్త మంచి ధరకి పోతే మాకూ సంతోషం. వేడి గట్టిగా ఉంటది, వాసన ఉండదు, బూడిద బాగా తక్కువ.

ఐతే రెండు రకాలు ఉన్నాయి, కొనేటప్పుడు చూసుకోవాలి. చిప్పలు అలాగే కాల్చిన బొగ్గు పల్చటి పెంకులు, పోస్తే ఒకదాని మీద ఒకటి అతుక్కుని కూర్చుంటాయి, మధ్యలోంచి గాలి పోదు, చిన్నవి జల్లెడలోంచి కిందకి జారిపోతాయి. కుంపట్లో పొత్తులు కాల్చుకోడానికి బాగుంటది గానీ ఆరేడు గంటల పనికి అది కాదు. మీకు కావాల్సింది పొడి చేసి గొట్టంలాగ నొక్కిన కొబ్బరి బ్రికెట్, మధ్యలో కన్నం ఉండేది. అది ముట్టుకోడానికి టైం తీసుకుంటది, ముట్టుకున్నాక మాత్రం గంటలు గంటలు నిలుస్తది. కలిపింది ఏటో తెలుసుకోవాలంటే ఒక ముక్క విడిగా పూర్తిగా కాల్చి చూడండి, కాస్త లేత బూడిద మిగిలి వేలు తగిలితే పొడైపోతే మంచి సరుకు, కాలిపోయాక కూడా ముక్క ఆకారం గట్టిగా నిలబడుందంటే మట్టి బాగా కలిపారని అర్థం.

సిక్కోలు_నిప్పుకణిక:
కొబ్బరి బ్రికెట్ మంచిది కాదని నేనట్లేదు బావా, మంచి సరుకు దొరికితే వాడొచ్చు. కానీ మొత్తం అదే నింపితే వేడి తగ్గించాలన్నా పెంచాలన్నా ఓ పట్టాన మాట వినదు, కర్రబొగ్గు ఐతే తలుపు కాస్త జరిపితే చాలు తెలిసిపోతది. ఐతే అడుగున పెద్ద సరుగుడు ముక్కలు, సందుల్లో నాలుగైదు కొబ్బరి గొట్టాలు పెట్టుకుంటే రెండిటి లాభమూ వస్తది. పలుకుబడి ఉంటే ఓ బస్తా మంచి సరుకు పంపించు, డబ్బులిచ్చే తీసుకుంటాను.

డాబామీదపొయ్యి:
చాలా థాంక్స్ అన్నా, జీడితొక్క వద్దని తోడల్లుడికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పేశాను. రేపు డిపోకెళ్ళి బస్తా విప్పించి చూస్తాను. ఇంకో డౌట్, ఎంత నింపాలి, ఎక్కడ ముట్టించాలి? నేను వండే టైంకి సరిపడా కొంచెమే వేస్తున్నాను.

బొబ్బిలి_వంటిల్లు:
కొంచెం వెయ్యకండి తమ్ముడు గారూ, లోపలి గిన్నె నిండా పొయ్యండి. కమాడోలో ఎంత బొగ్గు కాలాలో చెప్పేది గాలే, బొగ్గు ఎక్కువుందని వేడి పెరగదు. బస్తా ఎత్తి కుమ్మరించకుండా పెద్ద ముక్కలు చేత్తో అడుగున పేర్చండి, కన్నాల మీద నుసి పడకూడదు, పైన మధ్యరకం, నుసి అసలు వద్దు. ముట్టించేది నడిమధ్యన ఒక్కచోటే, నాలుగు చోట్ల ముట్టిస్తే చూస్తుండగానే 200 దాటిపోద్ది. సిరామిక్ ఒకసారి వేడెక్కిందంటే దించడం చాలా కష్టం, గోడలే వేడి పట్టుకుని కూర్చుంటాయి, కాబట్టి 90 దగ్గర్నుంచే కిందా పైనా తలుపులు మూసుకుంటూ రావాలి, 110కి మెల్లగా దానంతటదే ఎక్కనివ్వాలి.

మొదట్లో చిక్కటి తెల్లపొగ వస్తుంది కదా, ఆ పొగలో మాంసం పెట్టొద్దు. పొగ పల్చబడి నీలంగా, ఉందా లేదా అన్నట్టు ఐనప్పుడు అడ్డం పలక, గ్రిల్లు, తొడ పెట్టండి, గంట పట్టినా ఆగండి. పొగ రుచి కావాలంటే బాగా ఎండిన జామ కర్రో మామిడి కర్రో పిడికిలంత ముక్కలు రెండు నిప్పు పక్కన పెట్టండి, వేప వద్దు, చేదు. ఇక మూత తియ్యకండి. కండ మధ్యలో ఉండే జిగురు పీచు 70 దాటాకే నిదానంగా కరుగుతుంది, లోపల థర్మామీటర్ 90–95 చూపించేదాకా తొందర పడితే మాంసం సాగుతుంది. మూత తియ్యక తప్పకపోతే ముందు రెండు వేళ్ళ మందం ఎత్తి క్షణం ఆగి అప్పుడు తియ్యండి, లేకపోతే లోపల గాలికోసం కాచుకున్న నిప్పు ఒక్కసారిగా మొహం మీదకి లేస్తుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

ఉద్దానం_కొబ్బరి:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. కొబ్బరి గొట్టాలు ఉన్నప్పుడు తెల్లపొగ తగ్గడానికి ఇంకాస్త టైం పడ్తది, అది లెక్కేసుకోండి.

జీడితోట:
ఇంకొక్క మాట. తీరం గాలికి బొగ్గు తేమ పీల్చేస్తుంది, గోనెసంచిలో గోడవార పడేస్తే పండక్కి చిటపటలాడి నిప్పురవ్వలు ఎగురుతాయి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డ్రమ్ములో పోసి పెట్టండి, వాడే ముందు రోజు ఎండలో పరిస్తే ఇంకా మంచిది. జనవరిలో వానొచ్చే అవకాశం తక్కువే గానీ ఒకవేళ చినుకులు పడితే మాత్రం గ్రిల్లుని గదిలోకి లాక్కెళ్ళొద్దు, నిప్పుల్లోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే మనుషులు పోయిన ఇళ్ళున్నాయి. పైన రేకు వేసి నాలుగు పక్కలా గాలి ఆడేలా ఉంచండి.

డాబామీదపొయ్యి:
డాబా మీద రేకుల పందిరి ఉందండి, నాలుగు పక్కలా ఖాళీయే. మరి వంట అయ్యాక మిగిలిన బొగ్గు పారెయ్యాలా?

సిక్కోలు_నిప్పుకణిక:
పారెయ్యకు తమ్ముడూ. కిందా పైనా పూర్తిగా మూసెయ్, గాలాడక నిప్పు చచ్చిపోతది, నీళ్ళు మాత్రం చల్లకు, వేడి సిరామిక్ పగిలిపోతది. మర్నాడు చల్లారాక కదిపి బూడిద దులిపేసి, మిగిలిన ముక్కల మీద కొత్తవి పేర్చుకో. ఓసారి కాలిన బొగ్గు తొందరగా అంటుకుంటది, దాన్ని ముట్టించే చోట పెట్టు.