జోకులతో కుర్చీలు కదులుతాయా?

నిప్పుకణిక:
సూటిగా అడుగుతున్నాను. రాజకీయ నిరసనలో హాస్యానికి నిజంగా పనుందా, లేక రావాల్సిన కోపాన్ని నవ్వుగా మార్చి మనల్ని ఇంట్లో కూర్చోబెడుతోందా? నా మటుకు నాకు రెండోదే అనిపిస్తోంది. పొద్దున ఒక మంత్రి నోరు జారతాడు, మధ్యాహ్నానికి బోలెడు మీమ్‌లు, రాత్రికి అందరం నవ్వేసి పడుకుంటాం. మంత్రి మాత్రం అక్కడే ఉంటాడు. సోవియట్ రోజుల్లో వంటింట్లో గొంతు తగ్గించి జోకులు చెప్పుకున్నారు, స్టాలిన్ మీద జోకు వేసి శిబిరాల పాలైనవాళ్లూ ఉన్నారు. అయినా ఆ వ్యవస్థ దాదాపు 70 ఏళ్లు నడిచింది. బెర్లిన్ క్యాబరేలో (పాటలు, హాస్యం నడిచే చిన్న వేదిక) హాస్యనటుడు వెర్నర్ ఫింక్ నాజీల మీద చురకలు వేస్తే 1935లో ఆ వేదికను మూసేసి, అతన్ని నిర్బంధ శిబిరానికి పంపారు. హిట్లర్‌కు పోయిందేమిటి?

తోలుబొమ్మ:
హిట్లర్ దగ్గరే ఆగిపోతే ఎలాగండీ? బెల్‌గ్రేడ్ పీపా సంగతి చూడండి. సెర్బియాలో మిలోషెవిచ్ పాలనకు ఎదురుతిరిగి 1998లో ‘ఓత్పోర్’ అనే విద్యార్థి ఉద్యమం పుట్టింది. ఆ కుర్రాళ్లు ఒక పీపా మీద మిలోషెవిచ్ మొహం గీసి, జనం బాగా తిరిగే వీధిలో పెట్టారు. పక్కనే ఒక కర్ర. చిల్లర వేయి, ఆ మొహం మీద ఒక్కటిచ్చుకో. పెట్టినవాళ్లు మాత్రం మెల్లగా జారుకుని, దూరంగా కూర్చుని చూస్తున్నారు. కాసేపటికి జనం లైను కట్టారు. పోలీసులొచ్చారు. ఎవర్ని పట్టుకోవాలి? కొట్టినవాళ్లనైతే వీధి వీధంతా బండెక్కించాలి. పెట్టినవాళ్లేమో కనబడరు. చివరికి పీపానే ఎత్తుకుపోయారు! ఆ ఫొటోలు పత్రికలకెక్కాయి. పోలీసంటే వణికిన ఊరు పోలీసును చూసి నవ్వింది. ఇది ఇంట్లో కూర్చోబెట్టే నవ్వా?

నిప్పుకణిక:
కథ బాగుంది. కానీ మిలోషెవిచ్‌ను దించింది పీపా కాదు కదా. 2000 సెప్టెంబర్ ఎన్నికల్లో 18 ప్రతిపక్ష పార్టీలు ఒక్కటై కొష్టునిత్సాను నిలబెట్టాయి. ఫలితాన్ని తారుమారు చేయబోతే కొలుబారా బొగ్గుగని కార్మికులు సమ్మెకు దిగారు. అక్టోబర్ 5న జనం రాజధానిని ముంచెత్తి పార్లమెంటులోకి చొరబడ్డారు. క్రెడిట్ అంతా పీపాకిస్తే గని కార్మికుడు ఏమైపోవాలి?

లెక్కలమాస్టారు:
ఒకే సంఘటనను చెరో కొసా పట్టుకుని లాగుతున్నారు. సమ్మె దాకా రావాలంటే ముందు జనంలో భయం పోవాలి. ఆ పని పీపా లాంటివి చేశాయి. మిగతాది కార్మికులూ ఓటర్లూ చేశారు. ఇందులో తగువేముంది?

అన్ని జోకులూ ఆ పని చేయవు, అది నేనూ ఒప్పుకుంటాను. అధికారికి రెండే దారులు మిగిలి, ఎటు పోయినా పరువు పోయేలా ఉంటేనే జోకు పనిచేస్తుంది. పోలండ్‌లోని వ్రొత్సువాఫ్ నగరాన్నే తీసుకోండి. 1980ల మొదట్లో గోడల మీద ప్రభుత్వ వ్యతిరేక నినాదాలు రాస్తే సర్కారు వాటి మీద రంగు పూసేది. ‘ఆరెంజ్ ఆల్టర్నేటివ్’ బృందం సరిగ్గా ఆ రంగు మరకల మీదే మరుగుజ్జుల బొమ్మలు గీసింది. చెరిపేస్తే బొమ్మకు భయపడ్డట్టు, వదిలేస్తే నినాదం ఎక్కడుండేదో గుర్తుపెట్టినట్టు. 1988 జూన్ 1న వేలమంది ఆరెంజ్ రంగు మరుగుజ్జు టోపీలు పెట్టుకుని వీధుల్లోకొచ్చారు. ఆ రోజు డ్యూటీలో ఉన్న పోలీసు రిపోర్టులో ఏం రాయాలి, టోపీ పెట్టుకున్నందుకు పట్టుకున్నామనా?

సైబీరియాలోని బర్నౌల్‌లో మరీ తమాషా. 2012లో సభలకు అనుమతి రాకపోతే, నిరసనకారులు మంచులో ఆటబొమ్మల్ని నిలబెట్టి, వాటి చేతికి బుల్లి ప్లకార్డులిచ్చారు. మళ్లీ పెడతామని అడిగితే, బొమ్మలు రష్యా పౌరులు కావు కాబట్టి కుదరదన్నారు అధికారులు. ఇంతకంటే మంచి జోకు నిరసనకారులకు కూడా తట్టలేదు!

వంటింటి జోకులో ఈ ఇరకాటం లేదు. అది అధికారి చెవిన పడితే చెప్పినవాడికే ప్రమాదం. ఫింక్ విషయంలో జరిగిందీ అదే, వెనక జనం లేకుండా దొరికిపోయాడు. మనిషి ధైర్యం మీద నాకు అనుమానం లేదు.

కాకిగోల:
మాస్టారూ, మీరంతా హాస్యం ఎప్పుడూ బలహీనుడి పక్షానే ఉంటుందని అనుకుని మాట్లాడుతున్నారు. నాజీల పత్రిక ‘డేర్ ష్టూర్మర్’ నిండా యూదుల మీద ఎగతాళి కార్టూన్లే. వాటిని చూసి జనం హాయిగా నవ్వారు కూడా. ఆ పత్రిక నడిపిన ష్ట్రైషర్‌ను 1946లో న్యూరెంబర్గ్ యుద్ధనేరాల కోర్టు తీర్పు ప్రకారం ఉరితీశారు. వెటకారం ఎవడి చేతికైనా వస్తుంది బాసూ. ఇవాళ ట్రోల్ సైన్యాలు చేస్తున్నదేమిటి? ప్రశ్న అడిగిన మనిషిని నవ్వులపాలు చేసి నోరు మూయించడమే.

సందట్లో_సడేమియా:
అందరూ నియంతల మీదే పడ్డారు. సమాజం మీద వేసే చురక సంగతి? అక్కడ దించడానికి కుర్చీ ఉండదు, నవ్వేది కూడా తప్పు చేసేవాళ్లే. కన్యాశుల్కం చూసి నవ్వినవాళ్లలో గిరీశాలెంతమందో! నాటకం మొదటిసారి ఆడింది 1892లో, బాల్యవివాహాలను అడ్డుకునే శారదా చట్టం వచ్చింది 1929లో. నాటకం వల్లే చట్టమొచ్చిందని అనను. కానీ ఆ నవ్వు తర్వాత పెళ్లికూతుర్ని కొనుక్కునే ముసలాయన పెద్దమనిషిలా తలెత్తుకు తిరగడం కొంచెం కష్టమైంది. అది చిన్న సంగతేం కాదు.

నిప్పుకణిక:
37 ఏళ్లు! అంత ఓపిక లేనివాళ్లకు ఏం చెబుతారు?

తోలుబొమ్మ:
ఒక్క రోజులో తేలిపోయిందీ ఉంది. జర్మనీలో వున్‌సీడెల్ అనే చిన్న ఊరికి నయా నాజీలు ఏటా ఊరేగింపుగా వచ్చేవారు. 2014లో ఊరివాళ్లు అడ్డుకోలేదు, ఎదురు ఊరేగింపూ తీయలేదు. నాజీలు నడిచే ప్రతి మీటరుకూ పది యూరోల చొప్పున, నాజీ ముఠాలను వదిలి బయటపడేవాళ్లకు సాయం చేసే సంస్థకు విరాళం ప్రకటించారు. దారి పొడవునా ఉత్సాహపరిచే బ్యానర్లు, నడిచేవాళ్లకు అరటిపళ్లు! పది వేల యూరోలు పోగయ్యాయి. నడిస్తే తమకు వ్యతిరేకంగానే చందా పోగవుతుంది, ఆగిపోతే ఓడినట్టు.

నిప్పుకణిక:
ఇది నచ్చింది. కానీ ఒకటి గమనించండి. ఆ ఊరివాళ్లు బ్యానర్ రాసే ముందే డబ్బు ఎవరిస్తారు, ఎవరికి పోతుంది, మీటరుకెంత అని లెక్క తేల్చుకున్నారు. రోజూ మీమ్‌లు వేసే పేజీల్లో ఇలా లెక్క వేసేది ఒక్కటి చూపించండి, అప్పుడు మాట్లాడదాం.