జ్యూరీ నాటకం మీద ఎస్సే: మూడు ప్రశ్నల్లో ఏది తీసుకోవాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే అండి, ఒక చిన్న డౌట్. మాకు ఇంగ్లిష్‌లో రెజినాల్డ్ రోజ్ రాసిన ట్వెల్వ్ యాంగ్రీ మెన్ నాటకం ఉంది, తండ్రిని చంపాడని కేసు పెట్టిన ఒక అబ్బాయి దోషా కాదా అని 12 మంది జ్యూరర్లు (కోర్టు తీర్పు చెప్పమని కూర్చోబెట్టిన మామూలు జనం, వీళ్లందరినీ కలిపి జ్యూరీ అంటారు) ఒక గదిలో తేల్చే కథ, దాని మీద ఎస్సే రాయాలి, మూడు ప్రశ్నలిచ్చి ఏదో ఒకటి తీసుకోమన్నారు. ఎనిమిదో జ్యూరర్ హీరోనా కాదా అనేది ఒకటి, నాటకం చూపించేది జ్యూరీ పద్ధతి బలాన్నా బలహీనతనా అనేది రెండోది, సొంత ద్వేషాలు తీర్పు మీద ఎలా పనిచేస్తాయి అనేది మూడోది. మొదటిది ఈజీ అనుకుని రెండు పేజీలు రాసేశాను కానీ చదువుకుంటే ఉత్త కథ చెప్పినట్టే ఉంది, పైగా ఆ అబ్బాయి తండ్రిని చంపాడా లేదా అన్నది చివరి దాకా నాకే అర్థం కాలేదు, అది తెలియకుండా ఎనిమిదో ఆయన్ని హీరో అని ఎలా రాసేది? సోమవారం ఇచ్చేయాలి, ప్లీజ్.

జవాబు:
చంపాడో లేదో అర్థం కాలేదన్నావు చూడు తమ్ముడూ, నీ ఎస్సే అక్కడే ఉంది. నాటకం ఆ సంగతి తేల్చదు. జ్యూరీ పని కూడా అది కాదు, నేరం రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్ (కేసు పెట్టిన ప్రభుత్వ పక్షం), అది సహేతుకమైన సందేహానికి తావు లేకుండా రుజువైందా లేదా అన్నదే ఆ 12 మంది చూడాల్సింది. నాట్ గిల్టీ అంటే నిర్దోషి అని సర్టిఫికెట్ ఇవ్వడం కాదు, రుజువు సరిపోలేదనడం. ఎనిమిదో ఆయన కూడా అబ్బాయి అమాయకుడని ఎక్కడా గట్టిగా అనడు, ఒక మనిషి ప్రాణం తీసే ముందు కాస్త మాట్లాడుకుందాం అంటాడు అంతే. ఇది పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే.

నన్నడిగితే రెండో ప్రశ్న తీసుకో.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ అక్కా. కానీ రెండోదానికి బలం అని రాయాలా బలహీనత అని రాయాలా? చివరికి అందరూ మారారు కదా, బలం అనే కదా అనిపిస్తుంది.

జవాబు:
మారారు సరే, ఎలా మారారో చూడు. మొదటి ఓటు 11-1, పదకొండు మంది దోషి అన్నారు, ఎనిమిదో ఆయన ఒక్కడే కాదన్నాడు. ఆ ఒక్కడూ ఆ రోజు ఆ గదిలో లేకపోతే అయిదు నిమిషాల్లో తీర్పు అయిపోయేది, అబ్బాయి ఎలక్ట్రిక్ చెయిర్‌కి వెళ్లేవాడు. మరి గెలిచింది పద్ధతా, అదృష్టమా? అలాగని పద్ధతి వల్ల ఏమీ కాలేదనీ అనలేం, అందరూ ఒకే మాట మీదకి రావాలన్న రూల్ లేకపోతే ఆ ఒక్కడి మాట వినే అవసరం ఎవరికీ ఉండేది కాదు. నువ్వు రాయాల్సింది ఈ రెండిటి మధ్య పెనుగులాట గురించి.

కత్తి సీన్ మళ్లీ ఒకసారి చదువు, దాని మీద ఒక పేరా మొత్తం పెట్టొచ్చు. హత్యకి వాడిన కత్తి లాంటిది ఇంకోటి దొరకడం అసాధ్యమని మిగతావాళ్లు వాదిస్తుంటే ఎనిమిదో ఆయన జేబులోంచి అచ్చం అలాంటిదే తీసి టేబుల్ మీద గుచ్చుతాడు, అబ్బాయి వాళ్ల పేటలోనే కొన్నానంటాడు. చదివేటప్పుడు ఒళ్లు గగుర్పొడుస్తుంది కదా, కానీ ఒక్క నిమిషం ఆగి ఆలోచించు, జ్యూరర్ కోర్టులో చూపించిన సాక్ష్యం మీదే నిర్ణయించాలి, బయటికెళ్లి సొంతంగా దర్యాప్తు చేయకూడదు. అంటే న్యాయం కోసం నిలబడ్డ మనిషే రూల్ తప్పాడు. కత్తి అరుదైనదన్న మాటని డిఫెన్స్ లాయర్ కోర్టులోనే గట్టిగా నిలదీసి ఉంటే ఈయనకి ఆ అవసరం వచ్చేదా? ఈ ఒక్క పాయింట్ నిజాయితీగా రాస్తే దిద్దేవాళ్లు తప్పకుండా ఆగి చదువుతారు, ఎందుకంటే క్లాసులో సగం మంది ఆయన్ని దేవుణ్ణి చేసి వదిలేస్తారు.

ఇంకొకరు:
మూడోది కూడా మంచిదేనండి, మూడో జ్యూరర్‌కి కొడుకు మీదున్న కోపం, పదో ఆయన మురికివాడల వాళ్లని తిట్టిన తిట్లు, మెటీరియల్ బోలెడంత దొరుకుతుంది.

జవాబు:
దొరుకుతుంది, కాదనను, కానీ ఒక్కో జ్యూరర్ గురించి ఒక్కో పేరా రాసుకుంటూ పోయే ప్రమాదం ఉంది, అది ఎస్సే కాదు లిస్టు అవుతుంది. తీసుకుంటే ఆ ఇద్దరికే పరిమితం అవ్వాలి. అయిదో జ్యూరర్‌ని మాత్రం పక్కన పెట్టుకోవచ్చు, మురికివాడలో పెరిగాడు కాబట్టే ఆ కత్తిని కింద నుంచి పైకి పొడుస్తారని చెప్పగలిగాడు, సొంత జీవితం తీర్పుని చెడగొట్టడమే కాదు సరిదిద్దుతుంది కూడా.

ప్రశ్న అడిగినవారు:
రెండోదే ఫిక్స్ అక్కా. అబ్బాయి పారిపోవడం చూశానని సాక్ష్యం చెప్పిన ముసలాయన నడక సంగతి కూడా పెట్టనా? 15 సెకన్లలో తలుపు దగ్గరికి వచ్చానంటాడు, వీళ్లు నడిచి చూస్తే 41 వచ్చింది.

జవాబు:
పెట్టు, కానీ 41 అన్నది 1957లో వచ్చిన సినిమాలో అంకె. ఇది మొదట 1954లో టీవీ నాటకంగా వచ్చింది, తర్వాత సినిమా, స్టేజీ రూపాలు వచ్చాయి, చిన్న చిన్న వివరాలు ఒకదానికొకటి కలవవు. నీ పుస్తకంలో ఏ అంకె ఉందో చూసి అదే రాయి, కొటేషన్లు కూడా సినిమా నుంచి కాకుండా పుస్తకం నుంచే తీసుకో. రాసిన రెండు పేజీలు పారేయకు, కథ చెప్పిన ప్రతి వాక్యం దగ్గర "అయితే ఏంటి?" అని పెన్సిల్‌తో రాసుకో, జవాబు దొరకనివి కొట్టేయ్. మొదటి పేరా అయ్యాక ఇక్కడ పెట్టు, చూస్తాను.